గ్యాలరీలో పదో కప్పు

నిన్న బహ్లా బజారులో జెండాలు కట్టిన బస్సులు హారన్లు కొట్టుకుంటూ మస్కట్ దారి పట్టాయి. ఊరి జట్టుకు అక్కడ ఫుట్‌బాల్ ఆట ఉందట. కూరగాయల సంచి కింద పెట్టి, చివరి బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అలాంటి బస్సులోనే ఒకసారి మేమూ వెళ్ళాం. నేను పనిచేసే ఇంటి యజమానే మా ఆయన కూలి చేసే కట్టుబడి సైటుకూ యజమాని. అర్బాబ్ అంటాం. ఆయన తన పనివాళ్ళందరినీ ఆటకు తీసుకెళ్ళాడు. ఇంటి ఆడవాళ్ళతో నేనూ బయలుదేరాను, బంతి కోసం కాదు, మా ఆయన మీద ఒక కన్ను వేసి ఉంచడానికి. ఆయన మందు మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. మళ్ళీ తాగి కనిపిస్తే టికెట్ కొని మా దేశానికి పంపేస్తానని అర్బాబ్ తేల్చి చెప్పాడు.

మా వైపు జాతరలో గుంపు అరిచిందంటే అందులో సగం అరుపు కల్లుదే. అందుకే స్టేడియంలో అడుగుపెట్టగానే మా ఆయన ఎక్కడున్నాడా అని వెతుక్కున్నాను. డప్పులు, పాటలు, వేలమంది ఒక్కసారిగా లేస్తే కాళ్ళ కింద సిమెంటు వణుకుతోంది. తెల్లటి పొడుగు అంగీల ముసలివాళ్ళు కూడా ఒకరి భుజాలొకరు పట్టుకుని ఊగుతున్నారు. తాగకుండా మనుషులు ఇలా ఊగుతారా? ఆడవాళ్ళ వరసలోంచి కిందికి చూస్తే, మా ఆయన పక్కన ఒక పెద్దాయన ఫ్లాస్కు వంచి చిన్న కప్పు నింపుతున్నాడు. ఈయన తాగి చెయ్యి చాపుతున్నాడు, ఆయన మళ్ళీ పోస్తున్నాడు. నేను చూస్తుండగానే ఏడోసారి పోసేసరికి లేచి మెట్లు దిగాను.

నన్ను చూసి మా ఆయన రూమ్ వాళ్ళలో ఒకతను, "వదినా, అన్నకు పదోది నడుస్తున్నది!" అని నవ్వాడు. అప్పటికి నాకు అక్షరాలు రావు. సీసా మీద రాసింది చదవలేక, ఏదైనా ముక్కుతోనే తేల్చుకునేదాన్ని. కప్పు లాక్కుని వాసన చూశాను. యాలకులు, చేదు కాఫీ. ఇక్కడివాళ్ళు ఖావా అంటారు.

"నేనేం జేద్దునే? తాగినకొద్దీ పోస్తున్నడు. పెద్దమనిషి, వద్దంటే ఏమనుకుంటడో!"

పెద్దాయన నా చేతిలోంచి కప్పు తీసుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు. చాలు అనడానికి ఇక్కడ అదే పద్ధతి. ఊపేదాకా పోస్తూనే ఉంటారు. చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

"నా మీద గింత గూడ నమ్మకం లేదా? ఇగో, సూడు."

అంతమంది ముందు నోరు తెరిచాడు. నేను వాసన చూశాను కూడా. ఖావా తప్ప ఏమీ లేదు.

అంతలో నమాజుకు పిలిచే అజాన్ వినిపించింది. డప్పులు ఆగిపోయాయి. ఇంతసేపూ గొంతు చించుకున్న వాళ్ళే చెప్పులు విడిచి, గ్యాలరీ వెనక వరసలు కట్టి, ఒక్కసారిగా తలలు వంచారు. వేలమంది ఊపిరి ఒకేసారి సద్దుమణగడం నేను వినడం అదే మొదటిసారి. ఒక్క చుక్క పడకుండానే అంత కేక వేసి, ఎవరూ ఒక్క మాట చెప్పకుండానే ఇంత నిశ్శబ్దంగా అయిపోగలిగారు.

మా ఆయన పక్కన అలాగే నిలబడ్డాను. ఆయన ఒక్కో రోజే దాటుకుంటూ ఎనిమిది నెలలు ముందుకు వచ్చేశాడు, నేనే ఇంకా ఆ పాత రోజుల గుమ్మంలో కాపలా ఉన్నాను. అక్కడినుంచి ఆయనున్న చోటికి రావడానికి నాకు మరో ఏడాది పట్టింది.