ఊపిరికి ఆగే పియానో

మొన్న కుందలహళ్ళిలోని మా ఫ్లాట్‌లో నాయన పియానో మూత తెరిచేసరికి, పురుగు పట్టకుండా లోపల వేసిన కలరా ఉండల వాసన గుప్పున కొట్టి, నా మనసు ఒక్కసారిగా లింగరాజపురంలోని మా పాత ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో డిసెంబరు వచ్చిందంటే, పొద్దున మంచు విడవకముందే అమ్మ నూనె కాచి, పిండిలో ముంచిన అచ్చుతో గులాబీ పువ్వులు వేయించేది, నేనూ చెల్లీ పియానో కింద దూరి గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం, మా తలల మీద నాయన హోటళ్ళలో వాయించాల్సిన జాజ్ పాటలు సాధన చేస్తుండేవాడు. ఒంటరిగా వాయించి పేరు తెచ్చుకున్నవాడు కాదాయన. పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించడంలోనే ఆయన బతుకంతా గడిచింది. పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట వేళ్ళు రవ్వంత ఆపి, ఆమె అందుకున్నాకే ముందుకు కదిలేవాడు. అందుకే గాయనులందరూ ఆయనే కావాలని పట్టుబట్టేవాళ్ళు.

వాళ్ళలో రోజీ ఆంటీ మా వీధి చివరే ఉండేది. ఆమె మొగుడు తాగొచ్చి ఆమెను గొడ్డును బాదినట్టు బాదేవాడు. గిన్నెలు పగిలే చప్పుడు మా వంటింటిదాకా వినిపిస్తే అమ్మ పరిగెత్తి వాళ్ళ తలుపు దబదబా కొట్టేది, వాడు లోపలినుంచే అమ్మను బూతులు తిట్టేవాడు.

ఒక ఏడాది క్రిస్మస్ ముందు ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ, బిరియానీ, ప్లమ్ కేకు వాసనల మధ్య మేమంతా నాయన వాయించే ఒక హోటల్ పచ్చికలో కూర్చున్నాం. పాడడానికి వచ్చిన రోజీ ఆంటీ పెదవి చిట్లి ఉంది, ముందు రోజు పక్కటెముకల మీద తిన్న తన్నుకు ఆమెకు ఊపిరి అందడం లేదు. నాయన మామూలుకంటే ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఆగాడు. వినేవాళ్ళకు పాట అలాగే బాగుందనిపించి చప్పట్లు కొట్టారు. ముందు బల్ల దగ్గర తాగుతున్న ఆమె మొగుడికి మాత్రం అందులో రంకు కనిపించింది.

వాడు వేదికెక్కి, "నా పెళ్ళాం ఊపిరి నీకెట్ల తెలుసురా?" అంటూ పియానో మూతను నాయన వేళ్ళ మీద బలంకొద్దీ మూశాడు, ఎత్తి మళ్ళీ మూశాడు. ఎముకలు పటపటమన్నాయి, తెల్లటి పియానో మెట్ల మీద నెత్తురు పారింది. హోటలువాళ్ళు వాణ్ణి బయటికి ఈడ్చేలోపు అమ్మ చెప్పు తీసి వాడి మొహం వాచేలా కొట్టింది. ఇంకా నాలుగు తగిలించి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎండాకాలానికి వేళ్ళు అతుక్కున్నాయి. నాయన మళ్ళీ హోటళ్ళకు వెళ్ళాడు, ఎందరో గాయనులకు వాయించాడు. ఆగడం మాత్రం మానేశాడు. తాళం గీత గీసినట్టు ఉంటుందని కొత్తవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ భోజనాల పాటలు లేవు, రోజీ ఆంటీ ఏమైందో తెలియదు. మొన్న మా అమ్మాయి పాడుతుంటే కూడా ఆయన ఆగలేదు. పిల్ల ఆయన్ని అందుకోలేక దగ్గింది. ఆ వేళ్ళ దెబ్బ భయం ఇంకా పోలేదా, పిల్లకోసం కాస్త ఆగొచ్చు కదా అన్నాను.

"నా ఏళ్ళు విరిగినందుకు కాదమ్మా," అన్నాడు, తలెత్తకుండా. "నేను ఆగినందుకు ఆ పొద్దు వాడు ఇంటికి పోయి ఆయమ్మను మళ్ళా కొట్టినాడు."

పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన ఆగలేదు.