దావత్‌కు పిలిచిన రాజు

ఎల్లేష్‌ను యూనియన్ కార్యదర్శి కుర్చీలోంచి దించింది అతను గెలిపించిన బాలరాజే. అధ్యక్షుడైన ఏడాదికే బాలరాజు గేటు మీటింగులో మైకు పట్టుకుని, "వీడు మేనేజ్‌మెంటు మనిషి" అన్నాడు. రుజువేదని ఒక్కరూ అడగలేదు. జీడిమెట్ల మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు బాయిలర్ నడిపినవాడికి ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో పక్కన కూర్చునే మనిషి కరువయ్యాడు.

అప్పుడు మొదలైంది చదువు. దేవరయాంజాల్ నుంచి డ్యూటీకి పోయే బస్సులో చైనా రాజుల చరిత్ర చదివేవాడు. అన్నను దించిన తమ్ముడిలో, రాజును చంపిన మంత్రిలో బాలరాజే కనిపించేవాడు. ఒక కథ మాత్రం మనసులో ముల్లులా దిగబడింది. వెయ్యేళ్ళ కిందట, గద్దె మీద ఏడేళ్ళ పిల్లవాడుండగా, సేనానులు తమ నాయకుడికి పసుపు అంగీ తొడిగి రాజును చేశారు. సోంగ్ వంశం అలా మొదలైంది. మరుసటేడు ఆ రాజు అదే సేనానులను విందుకు పిలిచి, "నాకు నిద్ర పట్టడం లేదు. రేపు మీ మనుషులు మీకూ పసుపు అంగీ తొడిగితే?" అన్నాడు. తెల్లారేసరికి అందరూ ఒంట్లో బాగాలేదని పదవులు వదిలేశారు.

ఈ ఏటి ఎన్నికల్లో ఎల్లేష్, తోటి బాయిలర్ కార్మికుడు భిక్షం కలిసి బాలరాజును ఓడించి, జనార్ధన్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. నలుగురిలో పోయిన కుర్చీ నలుగురిలోనే తిరిగి రావాలని ఎల్లేష్ ఆశ. ఆదివారం మధ్యాహ్నం జనార్ధన్ ఇద్దరినీ శామీర్‌పేట మామిడితోటలో దావత్‌కు పిలిచాడు. మటన్ తనే వడ్డించాడు. అదీ నచ్చలేదు ఎల్లేష్‌కు.

"తినుండ్రి, సల్లారుతది. గెలిచిన కాన్నుంచి నాకు నిద్ర పడ్తలేదే ఎల్లేశన్నా..."

ఎల్లేష్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "నా పానం మంచిగుంటలేదు తమ్మీ. నాకు ఏ పదవీ వద్దు."

"గదేందే? ఫోన్లతోని నిద్ర లేదంటున్న. కార్యదర్శి నువ్వేనని చెప్దామనే పిలిస్తి."

భిక్షానికి నవ్వుతో పొలమారింది. "మటన్ల ఇషం గలిపిండనుకున్నవా ఏందిరా?"

ఎల్లేష్ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే కుర్చీ మీద ఆశ బయటపడుతుంది. వాళ్ళకు కావలసింది అదేనేమో. వారం తిరక్కుండా భిక్షం కార్యదర్శి అయ్యాడు. ఎల్లేష్ వేరే కంపెనీ చూసుకున్నాడు.

చివరిసారి ఇద్దరూ కలిసింది మేడ్చల్ బస్టాండులో.

"జనార్ధన్ నీ పేరుతోని కార్యదర్శి కాయితం టైపు జేయించి పెట్టిండురా. నా కండ్లతోని చూసిన. ఉత్తగనే పోగొట్టుకున్నవ్," అన్నాడు భిక్షం.

ఎల్లేష్ అతనికి దగ్గరగా జరిగి అడిగాడు.

"ఎప్పుడు జేయించిండు? దావత్ ముంగటనా, ఎనుకనా?"