రాయగడ వైపు నుంచి ఏడో తూము

మా ఇంట్లో దేన్నయినా కూలీల క్యాంపు వైపు నుంచే లెక్కపెడతాం. రైల్వే వాళ్ళకు కిలోమీటర్లున్నాయి, స్తంభాల మీద నంబర్లున్నాయి. మాకు మాత్రం పొద్దున్నే కూలీలు ఎటు నుంచి పనిలోకి అడుగుపెడతారో అదే ఒకటి. మూడో వంతెన అంటే క్యాంపు నుంచి మూడోది. ఏ వైపు నుంచి అని ఎవరూ అడగరు, ఎవరూ రాయరు. శ్రీకాకుళం పల్లెల నుంచి మట్టిపని ముఠాను వెంటేసుకుని ఈ కొండలెక్కిన మా తాత పెట్టిన పద్ధతి అది. ఆయన తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను. కొండలు కోయడం, కట్టలు పోయడం, వంతెనలూ గోడలూ కట్టడం తప్ప మాకు ఇంకో పని రాదు. ఆడపిల్ల కంట్రాక్టు చేయడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. నా నోటికి జడిసి ఇప్పుడు ఎదురుగా నవ్వడం మానేశారు.

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే రైలు దారిలో ఒక ముక్క నాన్న వేసిందే. నేనప్పుడు చిన్నపిల్లని. ఇప్పుడు దాని పక్కన రెండో లైను వేస్తుంటే సరిగ్గా అదే ముక్క నా చేతికొచ్చింది. నాన్న సంబరం అంతా ఇంతా కాదు. ఎనభై దాటిన మనిషి, గుండె బాగోక ఇల్లు కదలడం లేదు. డ్రాయింగులు మంచం మీద పరిపించుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, రోజంతా వాటి మీదే ఉండేవాడు.

కాశీపూర్ రోడ్డు వదిలి లోపలికి వెళితే ఒకచోట రైలు దారి కొండను కోసుకుంటూ పోతుంది. కోసిన చోట మట్టి జారకుండా నాన్న పొడుగాటి రాతి గోడ కట్టాడు. వెనక చేరిన నీళ్ళు బయటకు రావడానికి గోడలో అడుగడుక్కీ తూములు, నలభైకి పైనే ఉంటాయి. రెండో లైనుకు చోటు కావాలంటే ఆ గోడ మొత్తం తీసేసి కొండను ఇంకా వెనక్కి కోయాలి. డ్రాయింగులో గోడ మీద ఎర్రగా అడ్డగీత కొట్టేశారు.

నాన్న ఆ గీత మీద వేలు పెట్టాడు.

"అమ్మీ, ఈ గోడెనక ఊరోళ్ళ నీళ్ళున్నాయి," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆ రోజుల్లో కొండ కోస్తుంటే ఊట ఒకటి తెగిందట. కింద ఉన్న పల్లెకు అదొక్కటే ఆధారం. పల్లెంటే పాతిక ముప్ఫై గడపల కొండవాళ్ళ ఊరు. నాన్న ఏ ఇంజనీరునూ అడక్కుండా గోడ వెనక పలకరాళ్ళు నిలువునా పేర్చి సన్నటి కాలువ చేయించి, ఆ నీళ్ళను పట్టాల కింద నుంచి గొట్టంలో దాటించి, భూమి లోపల లోపలే కిందికి దింపి, ఊరి దగ్గర ధారగా పడేట్టు చేశాడు. ఇన్నేళ్ళుగా ఎండాకాలంలో కూడా ఆగని ధార. ఊరంతా దాన్నే తాగింది. ఏ డ్రాయింగులోనూ అది లేదు. నాన్న పాత డైరీలో మాత్రం ఉంది. "ఏడో తూము వెనక రాతి కాలువ. కదపరాదు."

"ఎటు నుంచి ఏడోది నాన్నా?"

"ఎటు నుంచేటి? క్యాంపు దిక్కు నుంచి. రాయగడ దిక్కునే కదేటి మన క్యాంపు. నాను కట్టిన గోడ నాకు తెలీదేటి? కళ్ళు మూసుకుని సెప్తాను."

ఆ ఏడో తూము కోసం నేను పడ్డ పాట్లు ఒకటీ రెండూ కాదు. రైల్వే ఇంజనీరు ఒరిస్సా కుర్రాడు, మంచివాడే, కానీ డ్రాయింగులో లేనిది లోకంలో లేదనుకునే రకం. అతని ఆఫీసు గుమ్మం దగ్గర ఎన్ని ఉదయాలు కూర్చున్నానో నాకే తెలియదు. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు. రాయగడ వైపు కొసన గోడ ముక్క కొంచెం అలాగే వదిలి, దాని ముందు వేరే గోడ కట్టడానికి కాగితం మార్చాడు. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నేను దారిలో కారాపి మిఠాయి కొన్నాను. నాన్న గుండెజబ్బు సంగతి మర్చిపోయి రెండు తినేశాడు.

పని మొదలయ్యే ముందు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. వయసులో ఉండగా నాన్న ముఠాలో రాళ్ళు మోసిన మనిషి. మా క్యాంపులోనే తెలుగు నేర్చింది కాబట్టి మా శ్రీకాకుళం మాటే ఆవిడ మాట. నన్ను ఎత్తుకుని తిప్పానని చెప్పింది. నాకేమీ గుర్తులేదు.

గోడ మీద మేము సున్నంతో గీసిన గుర్తు చూసి ఆవిడ తల అడ్డంగా ఊపింది. కోరాపుట్ వైపు కొస చూపించింది.

"నీళ్ళు అటు కదమ్మీ. మీ క్యాంపు అటే ఉండీది. నువ్వు నడక నేర్సింది అక్కడే."

"అది తర్వాత సంగతి అవ్వా. గోడ కట్టినప్పుడు క్యాంపు ఇటే ఉంది. నాన్న చెప్పాడు."

"బాబు సెప్పేడా," అంది ఆవిడ. సున్నం గుర్తును ఇంకోసారి చూసి, "బాబుకి తెలుత్తాది," అని వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు వచ్చింది కోపం. నిజం చెప్పాలి కదా. మా గోడ సంగతి మాకు చెప్పడానికి ఈవిడెవరు అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక రాయగడ వైపు ఏడో తూము పైన చిన్న గొయ్యి తీయించాను. చేతికి తడి తగిలింది. కార్తీక మాసం, వానలు తగ్గి నెల కాలేదు, ఆ కొండలో ఎక్కడ తవ్వినా తడే తగులుతుంది. ఇన్నేళ్ళు మట్టిలో బతికినదాన్ని, నాకా మాత్రం తెలియదా? తెలుసు. తెలిసీ దాన్ని రుజువనుకున్నాను.

పొక్లెయిన్ మూడు రోజులు గోడను కూల్చుకుంటూ పోయింది. నాలుగో రోజు పొద్దున్న కోరాపుట్ కొస దగ్గరికి చేరింది. మేస్త్రి చెయ్యెత్తి బండి ఆపించి నన్ను పిలిచాడు. గోడ పడ్డచోట వెనక, నిలువునా పేర్చిన పలకరాళ్ళు. నల్లగా, నున్నగా, పాచి పట్టి ఉన్నాయి. వాటిలో సగం యంత్రం బకెట్టు పళ్ళకు తగిలి విరిగిపోయాయి. నీళ్ళు ధారగా కోసిన మట్టిలోకి దూకుతున్నాయి.

"మేడం, ఇది సేత్తో పేర్సిన పనండి," అన్నాడు మేస్త్రి.

ఆ పేర్పు నాన్నదని నాకు చూడగానే తెలిసింది. రాయి రాయికీ మధ్య వేలు దూరే సందు వదలడం ఆయన అలవాటు. కోరాపుట్ కొస నుంచి తూములు లెక్కపెట్టాను. ఏడోది. అక్కడే మట్టి పెళ్ళ మీద కూర్చున్నాను.

తర్వాత అవ్వే చెప్పింది జరిగిన సంగతి. పని మొదలైన ఏడాది క్యాంపు రాయగడ వైపే ఉండేదట. మొదటి వానలకు కొండవాగు, మా మాటలో గెడ్డ, పొంగి గుడిసెలన్నీ కొట్టుకుపోతే అందరినీ కోరాపుట్ వైపుకు మార్చారు. గోడ కట్టింది ఆ తర్వాత. నాన్నకు మొదటి క్యాంపు గుర్తుండి రెండోది జారిపోయింది. డైరీలో ఒక్క మాట, ఏ వైపు అని ఒక్క మాట రాసి ఉంటే. రాయలేదు. మా ఇంట్లో అలా రాయం.

ఆ నీళ్ళను మళ్ళీ పట్టుకోవాలని నేను చేయనిది లేదు. నాలుగు రోజులు కూలీలతో రాళ్ళు పేర్పించాను. నీళ్ళు మొదటి రెండు రోజులూ జోరుగా దూకి, ఆ తర్వాత సన్నబడి, కోసిన బండ పగుళ్ళలోకి జారిపోయి, ఊరికి అవతలి వైపు గెడ్డలో ఎక్కడో తేలాయి. పాత గొట్టం కూడా మా యంత్రాల కుదుపుకు, రైళ్ళు తిరిగే పట్టాల కిందే పగిలింది. అక్కడ తవ్వడానికి వీల్లేదన్నారు. సెమిలిగుడ నుంచి పైపులు తెప్పించాను. గెడ్డ ఊరి కంటే చాలా పల్లంలో ఉంది, ఇంజను పెట్టినా పైపుల్లో నీళ్ళెక్కలేదు. బోరు వేయించాను. ఎర్రటి తుప్పు నీళ్ళు పడ్డాయి. పిల్లలు తాగి వాంతులు చేసుకున్నారు. చివరికి ట్యాంకరు పెట్టాను. రోడ్డు బురదైతే ట్యాంకరు ఎక్కదు. ఆ రోజు ఆడవాళ్ళు బిందెలతో గెడ్డలోకి దిగి ఎక్కుతారు. కొండలు పగలగొట్టే యంత్రాలన్నీ నా దగ్గరున్నాయి. చిటికెన వేలంత నీటి ధారను వెనక్కి తేలేకపోయాను. ఇంజనీరు ఒకరోజు మెల్లగా, "మేడం, మీరు వదలమన్న ముక్కే కదా వదిలాం," అన్నాడు. అతని తప్పేముంది?

నాన్నకు చెప్పలేదు. డాక్టరు వద్దన్నాడని నాకు నేను చెప్పుకున్నాను గానీ నిజానికి నాకు ధైర్యం లేదు. రోజూ సాయంత్రం అడిగేవాడు.

"ఊరోళ్ళకి నీళ్ళు పడతన్నాయేటమ్మీ?"

"పడుతున్నాయి నాన్నా."

ఎండలు ముదిరాక అవ్వ పని దగ్గరికి వచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

"కొండ మీద నీళ్ళు పుట్టే ఊట కన్ను ఎక్కడుందో బాబుకి తెలుసు. ఇరిగిన కాలవ నెత్తి మీదంతా మాము తవ్వి సూసేము, దొరకనేదు," అంది. "పలకరాళ్ళు పేర్సకముందు బాబు ఒక్కడే పైకెల్లి సూసొచ్చేడు. ఆ సోటు సెప్తే మాము పై నుంచే కాలవ తీసుకుంటాము. నన్నొకసారి బాబు దగ్గిరికి తీసుకెల్లు."

నాకూ ఆ ఆశే ఉంది, అడగడానికి నోరు రాక ఊరుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడను కారెక్కించుకుని రాయగడలో మా ఇంటికి బయలుదేరాను. అవ్వ చేతిలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పట్టుకుంది. ఎందుకని అడగలేదు. ఊళ్ళో ఇప్పుడు ఎవరు ఎక్కడికెళ్ళినా ఖాళీ డబ్బా వెంట ఉంటుంది.

నాన్న ఆవిడను గుర్తుపట్టాడు. లేవబోయాడు. లేవలేక మంచం పట్టె మీద తట్టి కూర్చోమన్నాడు. ఆవిడ కింద కూర్చుంది. ముఠాలో ఎవరెవరు పోయారో, ఎవరు మిగిలారో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నిజం ఇప్పుడు బయటపడుతుందని తెలుసు. పడితే పడనీ, నీళ్ళొస్తే చాలనుకున్నాను.

"బాబూ, మన ఊట కన్ను కొండ మీద ఏ సోట ఉంది?" అని అడిగింది అవ్వ.

నాన్న మొహం వెలిగింది. వేలెత్తి గాల్లోనే కొండ గీశాడు.

"రాయగడ దిక్కు నుంచి ఏడో తూము. దానికి సరిగ్గా నెత్తి మీద. కళ్ళు మూసుకుని సెప్తాను."

గాల్లోకెత్తిన, పలుచబడిన ఆ చేతి మీద సూది గుచ్చిన మచ్చలున్నాయి. అవ్వ అవన్నీ చూసింది. నా వైపు ఒక్కసారి చూసి మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"అవును బాబూ," అంది. "అక్కడే."

"నీళ్ళు బాగా పడతన్నాయా?"

"పడతన్నాయి బాబూ. ఎండల్లో కూడా ఆగనేదు."

నాన్న దిండుకు ఆనుకుని తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడ్చే అర్హత కూడా నాకు లేదని లోపలికి నడిచాను.

ఆవిడ లేచేసరికి నాన్న కళ్ళు తెరిచాడు. మా గుమ్మం దిగే ఎవరికైనా దారికి నీళ్ళిచ్చి పంపడం మా తాత నాటి అలవాటు. డబ్బా నింపుదామని నేను మళ్ళీ వచ్చి ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను.

"ఆ డబ్బా ఎందుకమ్మీ నింపుతున్నావు?" అన్నాడు నాన్న నవ్వుతూ. "ఆళ్ళ ధార ముందు మన కుళాయి నీళ్ళేటి? ఊరెల్లి మంచి నీళ్ళు తాగుతాది. తెచ్చియ్యి, ఖాళీదే తెచ్చియ్యి."

అవ్వ కూడా నవ్వింది. వచ్చి నా చేతిలోంచి ఖాళీ డబ్బా తీసుకుంది. నాన్నకు రెండు చేతులూ జోడించి గుమ్మం దిగింది.

వీధి మలుపు దాటాక కారు ఆపి, కొట్లో నీళ్ళు కొని పోస్తానన్నాను. వద్దంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బాబుకి సెప్పకు," అంది. కారు మళ్ళీ కదిలాక, "రేపు ట్యాంకరొత్తాదా అమ్మీ?" అని అడిగింది.