మూసిన కళ్ళు తెరిచే పని

పోయిన గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి తువ్వాలులో చుట్టిన ఫోటో ఫ్రేము పట్టుకుని మా అబ్బాయి షాపుకి వచ్చింది. వైరా బస్టాండు పక్కనున్న ఆ షాపులో ఇప్పుడు జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలే ఎక్కువ. నేను ఇంట్లో ఊరికే కూర్చోలేక అక్కడికి వెళ్లి అందరికీ అడ్డం పడుతుంటాను. కాలు ఒకచోట నిలవని మనిషినని పెళ్లైన నెలకే మా అత్తగారు నాకు పేరు పెట్టారు. అమ్మాయి తువ్వాలు విప్పింది. అద్దం వెనక చెమ్మ చేరి, ఫోటోలోని పెద్దావిడ ముఖం మీద బొబ్బలు లేచి, కళ్ళున్న చోటు పూర్తిగా పోయింది. మెడలో పూసలదండ, ఒక చెవికే కమ్మ. చూడగానే గుర్తుపట్టి కుర్చీలోంచి లేచాను. ఆ పోయిన కళ్ళు నేను పెట్టినవే.

అప్పట్లో అడవి పక్క ఊళ్లలో బతికుండగా ఫోటో దిగిన ఆడవాళ్లు తక్కువ. ప్రాణం పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి, అప్పుడు తీయించేవారు. కళ్ళు మూసి ఉన్న ఫోటోను ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ కళ్ళు తెరిచే పని మా మామగారిది. ఖమ్మం స్టూడియోల వాళ్ళు కూడా ఆయన దగ్గరికే పంపేవారు. ఫోటోను గరుకు కాగితం మీద పెద్దది చేసి, మూసిన రెప్పను బ్లేడు మొనతో పైపైన గీకి, ఆ చోట సన్నటి కుంచెతో కన్ను దిద్దేవారు. కనుగుడ్డుకు కాస్త బూడిదరంగు పట్టించాలి, తెల్లగా వదిలేస్తే బెదిరిపోయిన చూపు వస్తుంది. పైరెప్ప నీడ గుడ్డు మీద పడాలి. అన్నిటికన్నా చివర, వెలుగు పడే వైపు ఒక్క తెల్లచుక్క. "గా చుక్క పెట్టేదాంక ఊపిరి బిగబట్టు బిడ్డా" అనేవారు. నాకెందుకు నేర్పారంటే, అప్పటికే ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. మా కోడలు డ్రాయింగ్ పరీక్ష పాసైందని ఊరంతా చెప్పుకున్న మనిషి, పని చేస్తున్నది ఆ కోడలేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా వస్తే నా చేతిలోని కుంచె లాక్కుని కూర్చునేవారు. ఒకసారి దాన్ని తలకిందులుగా పట్టుకుని పావుగంట దిద్దారు కూడా.

ఆయనకొక నియమం ఉండేది. కళ్ళు ఊహించి గీయకూడదు. పోయినవాళ్ల పోలిక ఎవరికి వచ్చిందో అడిగి, ఆ మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చూసి గీయాలి. ఒక వానాకాలం భద్రాచలం అవతల నుంచి ఒకాయన తల్లి ఫోటో తెచ్చాడు. నాలుగు రోజుల్లో పెద్దకర్మ. అమ్మ కళ్ళు ఎలా ఉండేవని మామగారు అడిగితే బిత్తరపోయాడు. "ఎట్ల చెప్పాలె సారూ? ఎప్పుడు చూసినా పొయ్యి కాడనో చేన్లనో వంగే ఉండేది. మా అక్కవి అచ్చం అమ్మ కండ్లే. బోనకల్ల పురిట్ల ఉంది, బయటికి రాదు." నేను ఊరుకోలేక, రేపు పొద్దున బోనకల్ పోయి చూసొస్తానని మాటిచ్చాను. ఆ రాత్రి నుంచే వాన పట్టుకుంది. బోనకల్ దారిలో వాగు రోడ్డెక్కింది, అటు బస్సులు ఆగిపోయాయి. మూడోనాడు ఆయన తడిసి ముద్దై మళ్లీ వచ్చాడు. "ఎవలయో ఒకలయి పెట్టుండ్రి సారూ. మూసిన మొఖాన్ని నేను గోడకెట్ల పెడ్త?"

ఆయన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వెనక గదిలో గోడకున్న అద్దం దింపుకుని, నా కళ్ళు చూసుకుంటూ గీశాను. మామగారు ఫోటోను ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ కండ్లు పొద్దున్నే నాకు చాయ్ ఇస్తయ్ కద బిడ్డా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "సరే, ఇచ్చెయ్" అన్నారు. ఆ కొడుకు ఫోటో అందుకుని, "అమ్మ గిట్లనే చూసేది" అని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగాను. ఆ తర్వాత అటువైపు ఊళ్ల వాళ్ళు ఎవరొచ్చినా ఏదో పనున్నట్టు లోపలికి తప్పుకునేదాన్ని.

ఇప్పుడొచ్చిన అమ్మాయి ఆనాడు ఫోటో పట్టుకెళ్లిన ఆ కొడుకు కూతురు. నర్సుగా చేస్తోందట. మావాడు ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, "ఒక్క నిమిషంల కండ్లొస్తయ్" అన్నాడు. వచ్చాయి కూడా, పెళ్లికి కాటుక దిద్దుకున్న కళ్ళు. అమ్మాయి పకపకా నవ్వింది. "నాయినేమో నాకు మా మేనత్త పోలిక అంటడు పెద్దమ్మా" అంది. అప్పుడు తప్పిన పని ఇప్పుడైనా చేద్దామనుకుని, ముఖం సరిచేసి గరుకు కాగితం మీద ప్రింటు తీయమని మావాడికి చెప్పాను. అమ్మాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పాత కుంచె వెతికి తీసి, సాయంత్రం దాకా గీశాను. బోనకల్ అక్క కళ్ళు, అంటే ఆ తల్లి కళ్ళే. చివరి చుక్క పెట్టి ఊపిరి వదిలాను. ఇన్నేళ్ల బరువు దిగిందనిపించింది.

అమ్మాయి అక్కడి నుంచే తండ్రికి వీడియో కాల్ చేసి ఫోటో చూపించింది. ఆయన తల పూర్తిగా నెరిసింది. చాలాసేపు చూశాడు.

"ఇది మా అమ్మ కాదు బిడ్డా. అమ్మ కండ్లు గిట్లుండయ్. రోజూ చూసేటోణ్ని, నాకు తెల్వదా?"

ఆ పాత కళ్ళు నావేనని చెప్పబోయాను. ఆయన ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరిగి, తల్లి కోసం వెతుకుతున్నాడు. నేను చెప్పలేకపోయాను. "పొరపాటైంది అయ్యా, రేపటికి మళ్లీ పెడతా" అన్నాను.

ఇంకో ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చున్నాను. రెప్పలు వాలిపోయాయి, ఆపరేషన్ చేసిన కన్ను అదోలా మెరుస్తోంది. ఆయనకు కావలసిన చూపు అందులో లేదు. లేచి అటూ ఇటూ తిరిగి, చివరికి గోడ మీది నా పెళ్లిఫోటో దింపి, దుమ్ము తుడిచి, కాగితం పక్కన పెట్టుకున్నాను. నా దగ్గర లేకుండా పోయిన ఆ చూపు, ఇన్నేళ్లూ ఎక్కడో అడవి పక్క ఇంట్లో ఒక కొడుక్కి తల్లి చూపై, ముసలిది కాకుండా ఉండిపోయింది.