చేపల చెరువులో మోకాళ్ళ వైద్యం

నిన్న మా తమ్ముడి చేత నేను తిన్న చివాట్లు వింటే మీరు టీ ఒలకబోసుకుంటారు. నవ్వబోమని ముందు మాటివ్వండి!

నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు కదా. చర్చిలో అందరూ మోకరించి ప్రార్థన చేస్తుంటే, రెండేళ్ళుగా నేనొక్కదాన్నే ప్లాస్టిక్ కుర్చీలో గుమ్మడికాయలా కూర్చుంటున్నా. ఎంత సిగ్గేస్తుందో! ఏలూరు డాక్టరు గారేమో తేల్చి చెప్పేశారు. "ఎనిమిది కేజీలు తగ్గండి టీచర్ గారూ, లేదంటే ఆపరేషనే. పరుగులూ గెంతులూ వద్దు. నీళ్ళలో నడవండి, మోకాళ్ళ మీద బరువు పడదు."

సరే, నీళ్ళెక్కడివి? స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ళకి వేరే టైమే లేదాయె. అప్పుడు వెలిగింది బల్బు! పెదపాడులో మా తమ్ముడు డానియేలుకి చేపల చెరువుంది కదా! ఎలాగూ వేసవి సెలవులు.

"చెరువులోనా అక్కా?" అని నోరెళ్ళబెట్టాడు.

"నడుం లోతు చాలురా. ఈ క్రిస్మస్‌కి మోకాళ్ళూని ప్రార్థన చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటా!"

పాపం, ఒప్పుకున్నాడు.

రోజూ ఫస్ట్ బస్సుకి దిగేదాన్ని. పాత చుడీదార్ వేసుకుని నీళ్ళలోకి. అక్కడ వరసగా వెదురు కర్రలు పాతి ఉంటాయండీ. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు పోసి వాటికి కడతారు. చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. పట్టుకోవడానికి బాగున్నాయని నేనూ ఆ కర్రల వరసలోనే నడిచేదాన్ని.

మొదటిరోజే కాలికి ఏదో తగిలింది. కెవ్వుమన్నా!

"అవి శీలావతులండీ టీచర్ గారూ, మేతకొచ్చాయి. ఏం చెయ్యవండి," అన్నాడు కాపలా వెంకన్న.

ఏం చెయ్యవట! నా పిక్కల సంగతి వాడికేం తెలుసు? మర్నాటి నుంచి చేతికో కర్ర. చేప కదిలిందంటే చాలు, నీళ్ళ మీద ఠపీమని ఒక్కటి. "హుష్! పోండి!" క్లాసులో అల్లరి పిల్లల్ని అదిలించినట్టే. గంటసేపు నడక, గంటసేపు అదిలింపు. చేతులక్కూడా ఎక్సర్‌సైజేనని ఎంత మురిసిపోయానో! గట్టెక్కేసరికి నకనకలాడే ఆకలి. గట్టు పక్కనే వాళ్ళిల్లు. మా మరదలు "ఇంకొకటి వదినగారూ" అంటూ పెసరట్లు వేస్తూనే ఉండేది. నేను వద్దంటే కదా!

ఇంతలో తమ్ముడికి బెంగ పట్టుకుంది. "మేత సంచులు నిండుగా ఉండిపోతున్నాయక్కా. చేపలకేం రోగమో!" నీళ్ళు టెస్టుకి పంపించాడు, మందులు చల్లించాడు. నేనూ సలహా ఇచ్చా. "కాస్త మంచి తవుడు పెట్టరా, పిసినారితనం చెయ్యకు!"

నిన్న వల లాగించి, గట్టు మీద కాటా పెట్టి తూచారు. తమ్ముడి ముఖం వాడిపోయింది. "పోయిన నెల కంటే ఒక్కోటి వంద గ్రాములు తగ్గిందిరా వెంకన్నా! ఎందుకు తినట్లేదంటావు?"

వెంకన్న నా వైపు చూశాడు. తల గోక్కున్నాడు. "మేత టైముకి రోజూ టీచర్ గారు కర్రతో తోలేస్తున్నారండి. పాపం, అవి చెరువంతా పరుగులండి."

"అక్కా!"

ఆ కేక ఏలూరు దాకా వినబడే ఉంటుంది. మాట మారుద్దామని గబుక్కున నేనే కాటా ఎక్కా. కిలోన్నర పెరిగా! మా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నడక మాత్రం ఆపేది లేదండీ, ఖరాఖండిగా చెప్పేశా. రేపట్నుంచి మేతయ్యాకే దిగుతా, కర్ర ముట్టను. తమ్ముడు దండం పెట్టి సరేనన్నాడు.

ఇవాళ సాయంత్రం డాక్టరు గారి దగ్గరికెళ్ళాలి. "ఎంత తగ్గిందమ్మా?" అంటారు. చెరువులో ఐదు వేల చేపలు, తలా వంద గ్రాములు. ఆయన అడిగింది ఎనిమిది కేజీలేనా? ఐదొందల కేజీలు తగ్గించానండీ నేను! నా ఒంట్లోవి కాకపోతే ఏం?