పారాణి పూసిన దీపం

మొన్న మా మనవడు కొత్తగా కొన్న కారులో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తాళం తిప్పాడు. ఎదురుగా చిన్న ఎర్రదీపం ఒకటి వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. వాడు అటు చూడనైనా లేదు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి, అది ఆరాకే వదిలాను. ఏమైంది అమ్మమ్మా అంటే ఏం లేదు పోనీరా అన్నాను. ఆ దీపం సంగతి చెప్పాలంటే వాడి తల్లి పుట్టిన రోజు దాకా వెళ్లాలి. ఈ కాలం పిల్లలకి అంత తీరిక ఎక్కడిది, నా ఈడు వాళ్లైన మీకైతే చెప్పుకోవచ్చు.

పందొమ్మిది వందల ఇరవైలనాటి మాట. ఇప్పుడంటే అరకుకి రైలు పట్టాలు వేస్తున్నారు గానీ, అప్పుడు ఆ మాట ఎవరి కలలోనూ లేదు. మా ఆయన అక్కడ ఒక కలప షావుకారు దగ్గర కారు నడిపేవారు. ఎవరో వాడి వదిలేసిన బండి అది. బ్యాటరీలోకి కరెంటు చేరుతోందో, ఉన్నది కాస్తా ఖర్చయిపోతోందో చూపించే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. బ్యాటరీ అయిపోతే ఇంజను ఆగిపోతుంది, ఘాటు రోడ్డు మధ్యలో ఆగితే దిక్కెవరని ఆయన ఒకనాడు ఓ పాత బల్బు సంపాదించి, దాని తీగ ఒకటి డైనమోకి, ఒకటి బ్యాటరీకి కలిపి, నా సీమంతానికి కలిపిన పారాణిలో మిగిలింది దానికి పూశారు. డైనమో సరిగ్గా కరెంటు పోస్తుంటే దీపం వెలగదట, పొయ్యకపోతే ఎర్రగా వెలుగుతుందట. లోకంలో దీపాలన్నీ మంచికి వెలుగుతాయి, మీది కీడుకి వెలగడమేమిటని దెప్పాను. కాపలాకుక్క దొంగ వస్తేనే కదా మొరిగేది అని నవ్వారు.

శ్రావణమాసంలో, ఇంకా నెలలు నిండకుండానే నాకు నొప్పులు వచ్చాయి. పురుడు పొయ్యడానికి మా అత్తగారు కొండ కిందున్న కోట ఊరి నుంచి అప్పటికే వచ్చి ఉన్నారు. కొండపల్లె మంత్రసాని నా కడుపు తడిమి, బిడ్డ అడ్డం తిరిగింది, ఇది నా చేతిలో పని కాదు, కింద ఆసుపత్రికి తీసుకుపోండి అని చెప్పేసింది. షావుకారు కారిచ్చాడు. దారి చూపడానికి మంత్రసాని మొగుడు కూడా ఎక్కాడు.

అనంతగిరి దగ్గర మంచు కమ్మేసింది. పట్టపగలు లైట్లు వేసినా ఎదర మూర దూరం కనిపించదు. బండి నెమ్మదిగా నడిస్తే డైనమోకి సత్తువ చాలదు. అత్తగారి ఒళ్లో తలపెట్టుకుని పడుకున్న నాకు, నొప్పికీ నొప్పికీ మధ్య మగతలో, ఆయన భుజం పక్కనుంచి నా పారాణి రంగు వెలుగు కనిపించింది.

అత్తగారూ చూశారు. పురిటి దీపం కొండెక్కకూడదన్న ఆచారం తప్ప బ్యాటరీల గొడవ ఆవిడకేం తెలుసు. రెండు చేతులూ జోడించి, "అమ్మోరు ఎలుగుతున్నాదిరా, ఆరనీకు. కోడలు గుంటకేటీ అవదు" అన్నారు.

ఆ దీపానికి అర్థం ఆ బండిలో మా ఇద్దరికే తెలుసు. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి నావైపు చూశారు, నేను కళ్లు మూసుకున్నాను. ఉన్న కరెంటు ఇంజనుకి మిగలాలని లైట్లు ఆర్పేశారు. మంత్రసాని మొగుడు, ఆ కొండాయన, దిగి, తెల్లటి తలగుడ్డ విప్పి వీపున పరుచుకుని ముందు నడిచాడు. ఆ తెలుపు వెంట మా బండి మబ్బులో తేలిపోతున్నట్టే పాకింది. అత్తగారు నా నుదురు నిమురుతూ, దీపమున్నంతసేపూ భయం లేదే అంటూనే ఉన్నారు. అది వెలిగినకొద్దీ మాకు ముప్పని తెలిసీ, ఆ చేతి వెచ్చదనానికి ఆవిడ మాటే నమ్మాను. ఆరిపోవాలని ఆయన, ఆరకూడదని ఆవిడ, ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకుంటుంటే నేను ఎటూ మొక్కలేక ఆ ఎరుపునే చూస్తూ ఉండిపోయాను.

చాలా కిందకి దిగాక మంచు విడిచింది. కొండాయనని ఎక్కించుకుని ఆయన వేగం పెంచారు. దీపం ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది.

"దీపం ఆరిపోనాదిరా నాయనా" అని అత్తగారు గుండెలు బాదుకున్నారు.

"ఆరిపోనాది కాబట్టే సేరతామే అమ్మా," అన్నారాయన. దారి పొడుగునా ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే, అదీ ఏడుపు గొంతుతో.

చేరాం. వీడి తల్లి పుట్టింది. దీపం కథ ఎంత విడమరిచి చెప్పినా అత్తగారు చివరిదాకా ఒప్పుకోలేదు. ఘాటు దాటించాక అమ్మవారు తన పనైపోయి వెళ్లిపోయిందనేవారు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ నిజమేననిపిస్తుంది.

ఈ కొత్త కార్లలో దీపం తనే వెలుగుతుంది, తనే ఆరుతుంది, మొక్కేవాళ్లూ లేరు, భయపడేవాళ్లూ లేరు. మంచిదే. నాకే ఆ భయం వదల్లేదు. ఆయన పోయినప్పుడు తలాపున దీపం పెట్టి, అది కొండెక్కకుండా పిల్లలు నూనె పోస్తూనే ఉన్నారు. నేను మాత్రం దాన్నే చూస్తూ, ఇది ఆరితే ఆనాటిలా ఆయన బండి మళ్లీ అందుకుంటుందేమోనని తెల్లవార్లూ కూర్చున్నాను.