నలభై రెండు అడుగుల వాలు

ఒక మనిషిని మూడున్నర అడుగుల ఎత్తు ఎక్కించబోయి ఏలూరులో మా వీధి వీధంతా చేపల కంపు కొట్టించిన ఘనత నాది. 2006 డిసెంబరులో జరిగింది. ఇప్పటికీ ఆ వీధిలో పెద్దవాళ్ళు నన్ను చూస్తే ముందు నమస్కారం పెడతారు, తరువాత ముక్కు మూసుకుంటారు. రెండూ మర్యాదగానే చేస్తారు.

అప్పుడు నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా చర్చి ఆవరణలో ఏటా క్రిస్మస్ పాటల పోటీ జరిగేది. మా స్త్రీల సమాజానికి హార్మోనియం వాయించేది రత్నకుమారి. ఎస్టీడీ బూత్ నడుపుకునేది. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి ఇనప పట్టీల క్యాలిపరు, చంకలో కర్ర. ఏటా ఆవిడ స్టేజీ కింద స్పీకరు డబ్బా పక్కన కూర్చుని వాయించేది. పైన మేం ఆవిడకి కనబడం, మాకు ఆవిడ కనబడదు. పాట ఒక దారి, హార్మోనియం ఒక దారి. ఆ ఏడు న్యాయనిర్ణేతలు వాయిద్యాలు కూడా స్టేజీ మీదే ఉండాలన్నారు. మా కమిటీ క్షణం ఆలోచించకుండా, ఆవిడ ఎక్కలేదు కాబట్టి గుండుగొలను నుంచి కీబోర్డాయన్ని పిలిపిస్తామంది.

నాకు మండింది. ఆవిడ ఎక్కే ఏర్పాటు నేను చేస్తానన్నాను. ఆ వేసవిలోనే మాకు టీచర్ల ట్రైనింగులో చెప్పారు: మెట్లకి బదులు ర్యాంపు కడితే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలని. స్టేజీ ఎత్తు మూడున్నర అడుగులు. అంటే నలభై రెండు అడుగులు. స్టేజీ ముందు ఉన్న ఖాళీ ముప్ఫై. షామియానా సుబ్బారావు తల గోక్కుని, కొంచెం నిటారుగా పెడదామా అండీ అన్నాడు. వాలుతో బేరాలా? వాలుని వంకర తిప్పి, చెప్పులు విడిచే చోటు దాటించి, భోజనాల టెంటులోకి నడిపించాను. పులిహోర తినేవాళ్ళు దాన్ని దాటి సాంబారు దగ్గరికి వెళ్ళాలి. వెళ్తారు, కాళ్ళున్నాయి కదా అన్నాను.

అంత చెక్క ఎక్కడ దొరుకుతుంది? ఆకివీడులో మా మరిది ప్రకాశానికి చేపల ప్యాకింగ్ షెడ్డు ఉంది. చేపల పెట్టెల్ని లారీల్లోకి తోసే బల్లలు అతని దగ్గర బోలెడు.

"వదినా, అవి వాసనొస్తాయి," అన్నాడు ఫోనులో.

"ఎండాక ఏం వాసనయ్యా," అన్నాను. కొల్లేటి చేపని అంత తక్కువగా అంచనా వేసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

రత్నకుమారి రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, స్టేజీ గురించి ఒక మాట అని మొదలెట్టింది. నువ్వు పాట చూసుకో, లెక్క నేను చూసుకుంటానని పంపేశాను. కాళ్ళ సంగతి అడిగితే నొచ్చుకుంటుందేమోనని కూడా ఒక కారణం. చూశారా, ఎంత సున్నితం.

పోటీ సాయంత్రం మంచు కురిసింది. తడి తగలగానే బల్లల్లోని చేపలన్నీ బతికి లేచాయి. సుబ్బారావు పైన పరిచిన ఎర్ర తివాచీ ఆ జిగురు మీద నావలాగా కదిలింది. తాడేపల్లిగూడెం జట్టు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎలాగో పైకెక్కి శాంతిగీతం పాడుతుంటే వీధిలో పిల్లులన్నీ వాలు మీద బారులు తీరి కూర్చున్నాయి. పాస్టరుగారు ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూశారు.

మా జట్టు వంతు వస్తోంది. గుండుగొలను కీబోర్డాయన ముందు జాగ్రత్తగా పైన వైరు తగిలిస్తున్నాడు. రత్నకుమారి భోజనాల టెంటులో వాలు మొదట్లో నిలబడింది.

"ఎంత లెక్కగా ఉందో చూడు," అన్నాను.

"బాగుందండీ. పట్టుకోడానికి ఏదండీ?"

"వాలు ఉందిగా?"

"వాలుని పట్టుకోలేం కదండీ." ఆవిడ కర్రతో తివాచీని కొంచెం నొక్కింది. తివాచీ జారింది. "చక్రాల కుర్చీ అయితే, తివాచీ తీసి కడిగిస్తే, దీనిమీద వెళ్తుందండీ. నాకు కుర్చీ లేదు. ఈ కాలితో ఇంత దూరం జారుడు మీద నడవడం కంటే నాలుగు మెట్లే నయం. పక్కన గట్టిగా వెదురు కట్టిస్తే చాలు. పైన ఒక కుర్చీ, హార్మోనియానికి బల్ల. నేల మీద కూర్చుంటే ఈ ఇనుము వంగదండీ."

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదండీ. మీకు చెబుదామని వస్తే మీరు లెక్కలో ఉన్నారు."

మెట్లు ఏవి? వాలు ఉండగా మెట్లెందుకని నేనే తీయించాను. ఇప్పుడు వాటి మీద టీ డ్రమ్ము ఉంది. టీ మాస్టరు, సగం వీధికి ఇంకా టీ అందలేదన్నాడు. నేను డ్రమ్ముని కౌగిలించుకుని నేల మీదికి దించాను. ఆ చీర మళ్ళీ కట్టలేదు. సుబ్బారావు షామియానా వెదుళ్ళు రెండు పీకి మెట్లకి కట్టేసరికి షామియానా ఒక మూల న్యాయనిర్ణేతల నెత్తి మీదికి వాలింది. వాళ్ళు దాని కిందనుంచే మా జట్టు పేరు పిలిచారు.

రత్నకుమారి వెదురు పట్టుకుని, ఎవరి చెయ్యీ అడగకుండా, మెట్లెక్కి కుర్చీలో కూర్చుంది. కీబోర్డాయన వైరు చుట్టుకుని దిగాడు. మొట్టమొదటిసారి ఆవిడ మా మొహాలు చూస్తూ వాయించింది. నేను పల్లవి తొందరపడితే కళ్ళెర్ర చేసింది కూడా. ఏళ్ళ తరబడి తాళం తప్పించింది హార్మోనియం కాదని, నేనని ఆ రోజు జట్టంతా గ్రహించింది. మాకు రెండో బహుమతి వచ్చింది.

చివర్లో కమిటీవారు, వాలు కట్టించినందుకు టీచరుగారికి శాలువా అని ప్రకటించారు. నా వాలు మీదనుంచే ఎక్కాలి కదా, లేకపోతే దాని పరువేం కాను? తలెత్తుకుని రెండడుగులు వేశాను. మూడోది నేను వేయలేదు, తివాచీ వేసింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే జారి సాంబారు గిన్నె దగ్గర ఆగాను. లేచి, చీర దులుపుకుని, చుట్టూ తిరిగి మెట్ల దగ్గరికి వెళ్ళాను.

"వెదురు పట్టుకోండి టీచరుగారూ," అంది రత్నకుమారి పైనుంచి, మైకులో.

పట్టుకున్నాను.

కాబట్టి చదివేవారందరి ఎదుట నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఎవరి సౌకర్యం కోసమైనా సరే, కొలిచే టేపు తీసే ముందు నోరు తెరిచి వాళ్ళని అడుగుతాను. అడిగాక నోరు మూసుకుని వింటాను. మొదటిది అప్పుడే అలవాటైంది. రెండోది ఇంకా సాధన చేస్తున్నాను.